పాత ఇంటికి కరెంటు పని: ఎర్త్ గుంత నుంచి మొదలుపెట్టండి

నెల్లూరు మూలాపేటలో మా అవ్వ ఇల్లు యాభై ఏళ్ళ నాటిది. ముందు బెంగుళూరు పెంకుల వసారా, లోపల రెండు గదుల మిద్దె, పెరట్లో రేకుల స్నానాలగది. నాలుగేళ్ళ కింద కార్తీక మాసంలో ముసురు పట్టిన రోజు, దండెం మీది చీర తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అబ్బాయ్, దండెం పట్టుకుంటే జిల్లుమంటుండాది రా. పెద్దదేం కాదులే" అని ఫోనులో చెప్పింది. నేను ఆ రాత్రే బస్సెక్కాను.

స్నానాలగది బల్బుకు పోయే వైరు రేకు అంచు మీదుగా వెళ్తోంది. ఎండకు దాని తొడుగు పగిలి, లోపలి తీగ రేకుకు తగులుతోంది. దండెం ఇనుప తీగను ఆ రేకుల చట్రానికే కట్టారు. ఆమె కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండబట్టి జిల్లుతో సరిపోయింది. మెయిన్ బోర్డులో ఫ్యూజు మాత్రం చెక్కు చెదరలేదు.

ఎందుకు పోలేదో అర్థమైతే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే. ఆ ఫ్యూజు 15 ఆంపియర్లది. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు కాసేపు పోతే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. అంటే ఆ ఫ్యూజు హాయిగా మోసే కరెంటులో ఐదువందల వంతు. ఫ్యూజైనా, కొత్త ఇళ్ళలో దాని బదులు ఉండే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) అయినా వైరు కాలిపోకుండా కాపాడతాయి. మనిషిని కాపాడేవి వేరే ఉన్నాయి: ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే వైరు), ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్). పాత ఇళ్ళలో చాలావాటికి ఈ రెండూ సరిగా ఉండవు. అయినా అందరూ ముందు ఏసీ కొంటారు, తర్వాత కొత్త స్విచ్‌లు, ఎర్త్ సంగతి చివర్లో. ఆ వరుసను తిరగెయ్యమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా. అవ్వ ఇల్లు, పొదిలి దగ్గర మా అత్తగారి మట్టి మిద్దె, ఈ రెండూ దగ్గరుండి చేయించాను. చేతులు పెట్టి పని చేసింది మాత్రం పర్మిట్ ఉన్న వైరుమన్. మీరూ అలాగే చేయండి. చూడటం, రాసుకోవడం, లెక్క వేయడం, సామాను ఎంచుకోవడం, పని సరిగా జరిగిందో లేదో అడగడం మీ పని. మూత విప్పి వైరు తాకే పని ఏదైనా వైరుమన్‌ది. మీటరు, దాని సీలు, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు కరెంటు సంస్థవి. వాటి జోలికి మీరుగానీ వైరుమన్‌గానీ వెళ్ళకూడదు. నెల్లూరు వాళ్ళకు తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, ఒంగోలు వాళ్ళకు విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్. ఫిర్యాదు నంబరు ఎక్కడైనా 1912.

ముందు ఇల్లంతా ఒకసారి చూడండి

ఒక నోటుబుక్కు తీసుకుని, పగటిపూట, గది గదికీ తిరగండి. ఏదీ విప్పొద్దు. గోడ మీద చెక్క పట్టీ, దాని మీద క్లిప్పులతో వైర్లు ఉన్నాయా? గుండ్రటి చెక్క దిమ్మల మీద నల్లటి గుండు స్విచ్‌లు ఉన్నాయా? ఉంటే ఆ వైరింగు చాలా పాతదని లెక్క. వైరు పైన రబ్బరు, దాని మీద గుడ్డ అల్లిక ఉంటే అది ప్లాస్టిక్ తొడుగు రాకముందు కాలానిది. ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. అలాంటిది కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, మొత్తం మార్చాల్సిందే.

ఇస్త్రీపెట్టె అరగంట నడిపాక ఆ బోర్డు మీద వేళ్ళ వెనకభాగం ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే లోపల ఏదో లూజు. సాకెట్ చుట్టూ గోధుమరంగు మరక, చేప కుళ్ళినట్టు వాసన, స్విచ్ వేసినప్పుడు చిటచిట, ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా లైట్లు తగ్గడం, ఇవన్నీ ఏ గదిలో, ఏ బోర్డులో అని రాసుకోండి. సముద్రం వైపు, అంటే మైపాడు, కొత్తపట్నం, ఉలవపాడు చుట్టుపక్కల, ఉప్పుగాలికి రాగి టెర్మినళ్ళు చిలుము పడతాయి. బోర్డు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల స్క్రూలు పచ్చగా ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. మీ సాకెట్లలో మూడో రంధ్రం, పైన ఉండే పెద్దది, దాని వెనకాల నిజంగా వైరు ఉందా? అవ్వ ఇంట్లో ఏడు సాకెట్లుంటే ఐదింట్లో ఆ రంధ్రం వెనక ఖాళీ. మిగతా రెండింట్లో ఎవరో దాన్ని న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి పోయే వైరుకు, కలిపారు. ఆ రెండే ఎక్కువ ప్రమాదం. అలా కలిపాక ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే, ఫ్రిజ్ తలుపు మీదికి నేరుగా ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరులోని కరెంటు, వస్తుంది. ఇది మీరు చూసి తెలుసుకోలేరు. వైరుమన్‌తో మెయిన్ ఆపించి ప్రతి సాకెట్‌నూ విప్పించి చూపించమనండి.

ఇంకో లక్షణం ఉంది, ఇది మాత్రం నోటుబుక్కులో రాసుకునేది కాదు. గాలివానలో బల్బులు ఒక్కసారిగా విపరీతంగా వెలిగి, ఫ్యాన్లు రయ్యిమని తిరిగితే వీధి లైనులో న్యూట్రల్ తెగిందని అర్థం. 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా పోవచ్చు. వెంటనే మెయిన్ ఆపేసి 1912కు ఫోను చేయండి.

ఈ రోజే మానేయాల్సినవి

డబ్బు ఖర్చు లేకుండా ఇవాళే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దండేనికి ఇనుప తీగ తీసేసి నైలాను తాడు కట్టండి. తాడైనా సరే కరెంటు స్తంభానికీ, దాని స్టే వైరుకీ, రేకుల చట్రానికీ, మీటరు పైపుకీ కట్టొద్దు. పల్లెల్లో బట్టలు ఆరేస్తూ ప్రాణాలు పోయిన వార్త ప్రతి వానాకాలం వింటూనే ఉంటాం.

ఫ్యూజులో రాగి పోగులు మెలిపెట్టి వేసి ఉంటే తీసేసి సరైన ఫ్యూజు తీగ వేయించండి. అలా పోగులు వేసిన ఫ్యూజు ఫ్యూజే కాదు. అది పోయేలోపు గోడలో వైరు కాలిపోతుంది. ఇస్త్రీపెట్టెకో ఫ్రిజ్‌కో మూడు పిన్నుల్లో ఒకటి విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం మానండి. బకెట్లో వేసే హీటరు రాడ్ వాడుతుంటే, స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలని ఇంట్లో అందరికీ, పనిమనిషికి కూడా, చెప్పండి. వీలైతే ఆ రాడ్‌ను అవతల పారేయండి. నాకు దానంటే భయం, దాచుకోను.

లోడు లెక్క

బిల్లు మీద మీ కాంట్రాక్టెడ్ లోడు రాసి ఉంటుంది. పాత కనెక్షన్లకు అది ఒక కిలోవాటుకు మించి ఉండదు చాలాసార్లు. ఇప్పుడు ఇంట్లో ఉన్నవి కూడండి. టన్నున్నర ఏసీ సుమారు 1,500 వాట్లు. గీజరు 2,000. ఇండక్షన్ స్టవ్ 2,000. ఇస్త్రీపెట్టె 1,000. మిక్సీ 750. ఒక హెచ్‌పీ మోటరు దాదాపు 1,000. ఫ్రిజ్ 200. ఫ్యాను ఒక్కోటి 75, అదే తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ రకం అయితే 30 లోపు. అన్నీ ఒకేసారి నడవవు. కానీ మే నెల సాయంత్రం ఏసీ, ఇండక్షన్, మోటరు, ఫ్రిజ్, ఫ్యాన్లు కలిసి నడవడం మామూలే. అది దాదాపు 5,000 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 22 ఆంపియర్లు. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో కోసం వేసిన వైరు మీద ఈ బరువు పడుతోంది.

వైరులో వేడి కరెంటుకు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. అందుకే ఇరవై ఏళ్ళు బాగానే ఉన్న వైరు ఏసీ పెట్టిన మొదటి వేసవికే మాడిపోతుంది.

లెక్క తేలాక అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోండి. బిల్లు పెరుగుతుందని చాలామంది వెనకాడతారు. కానీ మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దది పెట్టాలో వాళ్ళు లెక్కేసేది ఈ కాగితాల నుంచే. వేసవిలో వీధంతా లో వోల్టేజీతో అల్లాడటానికి ఈ దాచిన లోడు కూడా ఒక కారణం.

ఎర్త్ గుంత

ఇక్కడ తీరిగ్గా చదవండి. ఫ్రిజ్ లోపల ఫేజ్ వైరు తొడుగు పోయి బాడీకి తగిలిందనుకోండి. ఆ కరెంటు పోవడానికి దారి ఉండాలి. ఎర్త్ వైరు ఆ దారి. అది లేకపోతే కరెంటు అక్కడే కాచుకుని ఉంటుంది, తలుపు తీయడానికి వచ్చిన మనిషే దారి అవుతాడు.

పైపు ఎర్తింగుకు 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, కనీసం 2.5 మీటర్ల పొడవు, రంధ్రాలు వేసింది వాడతారు. గోడ పునాదికి ఒకటిన్నర మీటరు దూరంలో గుంత తీసి, పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పూడుస్తారు. పైన నీళ్ళు పోయడానికి గరాటు, చుట్టూ చిన్న ఇటుక తొట్టి, మూత. మూత తీస్తే వైరు పైపుకు బిగించిన చోటు కనిపించాలి. చాలా ఇళ్ళలో దాన్ని గచ్చు కింద కప్పెట్టేస్తారు. తర్వాత అది తుప్పు పట్టి ఊడిపోయినా ఎవరికీ తెలియదు.

ఈ లెక్క మన నెల్లూరు, ఒంగోలు వైపు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. తీరం వైపు నేలలో ఉప్పు, తడి ముందే ఉన్నాయి. ఎర్త్ సులువుగా దొరుకుతుంది, కానీ పైపును ఆ ఉప్పే తినేస్తుంది. అలాంటిచోట ఇంకా ఉప్పు పోయడం అనవసరం. బొగ్గుతోనో, బెంటొనైట్ మట్టితోనో పూడ్చి, రాగిపూత రాడ్ వేస్తే ఎక్కువకాలం ఉంటుంది. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు సమస్య తలకిందులు. రాతి నేల, ఎండకాలం గుంత ఎముకలా ఎండిపోతుంది. మా అత్తగారింట్లో మే నెలలో పాత ఎర్త్ కొలిపిస్తే 48 ఓములు వచ్చింది (ఓము అంటే కరెంటుకు ఉన్న అడ్డంకి కొలత, తక్కువుంటే మంచిది). నాలుగు బిందెలు నీళ్ళు పోసి గంట ఆగి కొలిస్తే 19. అక్కడ రెండు గుంతలు తీయించి కలిపించాం, ఒకదానికీ ఇంకోదానికీ ఐదు మీటర్ల ఎడం. ఒకటి స్నానాలగది నీళ్ళు పారే అరటిచెట్ల మొదట్లో పెట్టాం. ఎవరూ గుర్తుపెట్టుకుని నీళ్ళు పోయకపోయినా దానికి తడి అందుతుంది.

ఎర్త్ బాగుందో లేదో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి వెలిగించి చూపిస్తారు కొందరు. దానికి మోసపోవద్దు. 100 వాట్ల బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. 30 ఓముల చచ్చు ఎర్త్ మీద కూడా అది బాగానే వెలుగుతుంది. పైగా ఆ పరీక్ష జరిగినంతసేపూ ఎర్త్ వైరు మీద వోల్టేజీ ఉంటుంది. రెండు చువ్వలు నేలలో గుచ్చి కొలిచే ఎర్త్ టెస్టర్ తెమ్మనండి. అది లేని వైరుమన్ ఎవరి దగ్గరైనా అద్దెకు తెచ్చుకోగలడు.

ఇక లెక్క. ఎర్త్ 10 ఓములు ఉంటే, బాడీకి ఫేజ్ తగిలినప్పుడు 230ని 10తో భాగించి 23 ఆంపియర్లు పోతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి వెంటనే పడదు, నిమిషాలు పట్టొచ్చు. 48 ఓములైతే ఐదు ఆంపియర్లు కూడా పోవు, ఎంసీబీ అసలు పడదు. ఫ్రిజ్ బాడీ దాదాపు 230 వోల్టులతో అలాగే ఉండిపోతుంది, గుంత మాత్రం వేడెక్కుతుంది. మంచి ఎర్త్ ఉందని నిశ్చింతగా ఉన్న ఇంట్లో కూడా మనిషికి షాక్ కొట్టడానికి కారణం ఇదే. ఎర్త్‌కు జంటగా ఆర్సీసీబీ కావాలి.

మెయిన్ బోర్డు, ఆర్సీసీబీ

ఆర్సీసీబీ చేసే పని చాలా తేలిక. ఫేజ్‌లో ఎంత కరెంటు పోయిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, కన్ను మూసి తెరిచేంతలో, లైను తెంచేస్తుంది. ఎర్త్ 48 ఓములున్నా దానికి ఫర్వాలేదు. ఎర్త్ లేకపోయినా అది పడుతుంది, కాకపోతే మనిషి ముట్టుకుని ఒక దెబ్బ తిన్నాక పడుతుంది. ఎర్త్ ఉంటే మనిషి రాకముందే పడుతుంది. రెండూ కలిసి ఉండాలనేది అందుకే.

కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300వి కూడా దుకాణాల్లో ఉంటాయి, అవి నిప్పు నుంచి కాపాడటానికి, మనిషి కోసం కాదు. ఇన్వర్టర్ ఏసీ, వాషింగ్ మెషిను ఉన్న ఇంటికి 'టైప్ ఏ' రకం తీసుకోండి. దాని ఆంపియర్ రేటింగు దాని ముందున్న మెయిన్ ఎంసీబీకి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మెయిన్ 32 అయితే ఆర్సీసీబీ 40 పెట్టొచ్చు. ఆర్సీసీబీ ఒక్కటే పెడితే ఓవర్‌లోడుకు అది పడదు, ఎంసీబీలు విడిగా ఉండాల్సిందే. ఇంకో పరిమితి కూడా తెలుసుకోండి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషి దానికి ఒక బల్బులాగే కనిపిస్తాడు. అప్పుడు అది కాపాడలేదు.

వరుస ఇలా ఉండాలి: మీటరు తర్వాత ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే రెండు పోళ్ళ మెయిన్ ఎంసీబీ, దాని తర్వాత ఆర్సీసీబీ, అక్కడి నుంచి ఒక్కో లైనుకు ఒక్కో ఎంసీబీ. ఎంసీబీని వస్తువును బట్టి కాదు, వైరు మందాన్ని బట్టి ఎంచాలి. 1.5 ఎంఎం (తీగ అడ్డకోత, చదరపు మిల్లీమీటర్లలో) వైరుకు 6 లేదా 10 ఆంపియర్లు, 2.5కు 16, 4కు 20 లేదా 25. మాటిమాటికీ పడిపోతోందని 16 తీసి 32 పెట్టడమంటే ఆ పాత ఫ్యూజులో రాగి పోగులు వేయడమే.

వీలుంటే రెండు ఆర్సీసీబీలు పెట్టించండి. స్నానాలగది, పెరడు, మోటరు ఒకదాని కింద, మిగతా ఇల్లు ఇంకోదాని కింద. వానలో పెరటి బల్బు తడిసి ఒకటి పడినా ఇంట్లో ఫ్రిజ్, లైట్లు నడుస్తాయి. అన్నీ ఒకదాని కిందే ఉంటే రెండుసార్లు చీకట్లో కూర్చున్నాక మూడోసారి ఎవరో ఒకరు ఆర్సీసీబీని తప్పించి డైరెక్టు చేసేస్తారు. నేను చూసిన పాత ఇళ్ళలో ఆర్సీసీబీ ఉండీ పనికిరాకుండా పోయింది ఇలాగే. రెండు పెట్టినప్పుడు న్యూట్రల్ వైర్లన్నీ కలిసే న్యూట్రల్ బార్లు కూడా రెండు ఉండాలి. ఒకదాని న్యూట్రల్ ఇంకోదాంట్లో కలిస్తే రెండూ ఊరికే పడతాయి.

పాత వైరింగుకు ఆర్సీసీబీ తగిలించగానే పడిపోవడం సహజం. వైరుమన్ "ఇది మన ఇంటికి సెట్ కాదు సార్, తీసేద్దాం" అంటాడు. ఒప్పుకోవద్దు. అది పడుతోందంటే ఎక్కడో లీకు ఉందని చెబుతోంది. ముందు అన్ని ఎంసీబీలూ దించి ఒక్కోటీ ఎత్తుతూ రండి. ఏది ఎత్తితే పడుతోందో ఆ లైనులో తప్పు. అన్నీ దించినా పడుతోందా? మామూలు ఎంసీబీ ఫేజ్‌నే తెంచుతుంది, న్యూట్రల్‌ను కాదు. కాబట్టి ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కో తడి గోడకో తగులుతోంది. అప్పుడు మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో వైరే విడదీయించి చూడాలి. అవ్వ ఇంట్లో దీనికి ఒక పూట పట్టింది. దొరికింది పూజగది సాకెట్‌లో, ఎర్త్‌గా వాడిన ఆ న్యూట్రల్ ముక్క.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైను మీదున్న పాయింట్లు బతికే ఉంటాయి. ఏ పని చేసేముందైనా దాన్నీ ఆపాలి.

వైర్లు: ఏవి మార్చాలి, ఎలా

పాత వైర్మన్లు 1/18, 3/20, 7/20 అని చెబుతారు. మొదటిది పోగుల లెక్క, రెండోది ఒక్కో పోగు గేజి. 3/20 ఇప్పటి 2.5కు, 7/20 ఇప్పటి 4కు దగ్గరగా ఉంటాయి. ఇప్పుడు లైట్లకు 1.5, మామూలు సాకెట్లకు 2.5, ఏసీ, గీజరు, ఇండక్షన్‌కు ఒక్కోదానికి విడిగా 4, మెయిన్‌కు 6 లేదా 10 ఎంఎం వేయించండి. ఎర్రటిది ఫేజ్, నల్లటిది న్యూట్రల్, పచ్చటిది ఎర్త్. ఈ రంగులు ఇల్లంతా తప్పకూడదు. చుట్ట 90 మీటర్లు ఉంటుంది, వైరు మీదే ఐఎస్ఐ గుర్తు, సైజు అచ్చేసి ఉంటాయి. పని మొదలయ్యే రోజు చుట్టలు మీరే విప్పి చూడండి.

తీగ వెండిరంగులో ఉంటే అది అల్యూమినియం. ఒకప్పుడు రాగి దొరక్కా, ధర ఎక్కువై చాలా ఇళ్ళకు అదే వేశారు. అల్యూమినియం స్క్రూ కింద నెమ్మదిగా నలిగి లూజవుతుంది, దాని మీద పేరుకునే పొర కరెంటును అడ్డుకుంటుంది. దానికి రాగి వైరు మెలిపెట్టి టేపు చుడితే, తడి తగిలినప్పుడు ఆ అతుకు తినేసుకుపోతుంది. పాత ఇళ్ళలో బోర్డు కాలిపోయిన చోట వెతికితే చాలాసార్లు ఈ అతుకే దొరుకుతుంది. అల్యూమినియం ఇంటికి ముక్క ముక్కగా రాగి కలపొద్దు. ఒక లైను మారిస్తే బోర్డు నుంచి చివరి పాయింటు దాకా మొత్తం మార్చండి.

డబ్బు ఒకేసారి కుదరకపోతే నా వరుస ఇది: ఎర్త్, మెయిన్ బోర్డు, ఆర్సీసీబీ మొదట. తర్వాత స్నానాలగది, పెరడు, మోటరు. తర్వాత వంటగది. ఆ తర్వాతే ఏసీ లైను. పడకగది లైట్లు చివరికి ఆగొచ్చు.

మట్టి మిద్దెల్లో గోడ కోసి పైపు పూడ్చొద్దు. రెండడుగుల మందం రాయి, మట్టి గోడ కోస్తే రాలుతుంది, వానకు చెమ్మ లాగి పైపులోకి పంపుతుంది. గోడ పైనే పీవీసీ పైపు శాడిళ్ళతో బిగించడం మేలు. చూడటానికి అంత బాగోదని మా అత్తగారు అన్నారు, సున్నం వేశాక కలిసిపోయింది. దూలాలు, దంతెల మీదుగా వైరు ఊరికే వదలకండి. అక్కడ ఎలుకలు కొరుకుతాయి, కింద ఎండు చెక్క ఉంటుంది. ఇక స్లాబు ఇళ్ళలో పాత ఇనుప పైపులు తుప్పుపట్టి వైరు కదలకపోతే బలవంతంగా లాగనివ్వొద్దు, కొత్త వైరు తొడుగు లోపలే చిరిగిపోతుంది. కొత్త దారిలో పైపు వేసుకోవాల్సిందే.

పాయింట్లు

స్విచ్ ఫేజ్‌ను తెంచాలి, న్యూట్రల్‌ను కాదు. తారుమారైతే స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు కొడుతుంది. స్నానాలగది స్విచ్‌లు బయట. గీజరుకు రెండు పోళ్ళ స్విచ్, అదీ బయటే. మోటరు బాడీకి, స్టార్టరు డబ్బాకి విడిగా ఎర్త్ వైరు కనిపించాలి.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నది ఒడ్డు కాలనీల్లో నీళ్ళు సాకెట్ల మీదికి వచ్చాయి. అలాంటి పల్లపు ఇల్లయితే కింది సాకెట్లన్నీ నాలుగడుగుల ఎత్తుకు జరిపించండి. మునిగిన బోర్డు ఆరినట్టు కనిపించినా స్విచ్ వేయొద్దు. విప్పి, ఆరబెట్టి, కొలిపించాకే కరెంటు ఇవ్వాలి.

డబ్బు ఇచ్చేముందు

వైరుమన్ ముందు కూర్చుని నాలుగు పరీక్షలు చేయించండి. ఒకటి, ఫ్రిజ్, టీవీ, ఎల్ఈడీ బల్బులు అన్నీ తీసేసి 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు ఎంత బాగుందో కొలిచే పరికరం) ఫేజ్, న్యూట్రల్, ఎర్త్‌ల మధ్య కొలవాలి. ఒక మెగా ఓము కంటే తగ్గకూడదు, కొత్త వైరైతే దానికి ఎన్నో రెట్లు రావాలి. రెండు, ప్రతి సాకెట్ ఎర్త్ రంధ్రం నుంచి ఎర్త్ బార్ దాకా తెగకుండా ఉందా. మూడు, ప్రతి సాకెట్‌లో ఫేజ్ కుడివైపు ఉందా. నాలుగు, ఎర్త్ గుంత ఓములు. ఈ అంకెలు, తేదీ, ఏ ఎంసీబీ ఏ గదిదో ఒక కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపల అంటించండి.

ఏటా రెండుసార్లు చూసుకుంటే చాలు, కానీ సరైన నెలల్లో చూడాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అందుకని పెరటి వైర్లు, బయటి బోర్డుల మూతలు, రేకుల మీది పైపులు సెప్టెంబరులో. ఎర్త్ కొలత మేలో, నేల బాగా ఎండినప్పుడు. వానాకాలం కొలిస్తే ఏ గుంతైనా మంచిదిగానే కనిపిస్తుంది.

ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే మీరు పట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. అది దూరమైతే పొడి కర్రతో విడదీయండి, కాళ్ళ కింద పొడిగా ఉండేలా చూసుకుని. 108కి ఫోను చేయించండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.

ఆర్సీసీబీ మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కితే అది ఠక్కున పడాలి, పడకపోతే మార్చేయాలి. అవ్వకు తేదీలు గుర్తుండవు. అందుకని ఒకటో తారీఖు పింఛను చేతికి రాగానే నొక్కమని చెప్పాను. పోయిన నెల ఫోను చేసి, "నొక్కినా రా, పడింది. మళ్ళీ ఎత్తినా. దండెం మీద గుడ్డలేసుకుంటా ఉండా" అంది.